సవరణ: కెమెరా షట్టర్‌కు నూనె ఎక్కడ వేయాలి?

“పాత ఫిల్మ్ కెమెరా షట్టర్ మందగిస్తే లైటర్ ద్రవంతో శుభ్రం చేసి నూనె వేయండి” అన్న గత పోస్టుకు ఈ వివరణ. ఆ నూనె రేకులకు కాదు. యాషికా మ్యాట్ వంటి పాత ఫిల్మ్ కెమెరాల్లో లీఫ్ షట్టర్ (తెరుచుకుని మూసుకుంటూ కాంతిని వదిలే పలుచని రేకుల అమరిక) రేకులు పొడిగానే ఆడాలి; నూనె తగిలితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. సెకను, అర సెకను వంటి నిదాన వేగాలను నడిపే పళ్లచక్రాల ఇరుసులకు మాత్రమే గడియారాల నూనె, అదీ సూదిమొనతో అంటించినంత. కుట్టుమిషను నూనె జోలికి వెళ్లవద్దు, పాకుతూ రేకుల దాకా పోతుంది.

శుభ్రానికి చెప్పిన లైటర్ ద్రవం (సిగరెట్ లైటర్లలో పోసే ఇంధనం) ఇట్టే నిప్పు అంటుకుంటుంది. వంటగదిలో, దేవుడి దీపం దగ్గర అసలే వద్దు.

మన శ్రీకాకుళం తీరపు తేమకు లెన్సులో బూజు మామూలే. తోలు సంచి అందంగానే ఉంటుంది, కానీ తేమను పట్టి ఉంచుతుంది. కెమెరాను సిలికా జెల్ పొట్లంతో గట్టి మూత డబ్బాలో పెట్టండి.