హెచ్‌ఐవీని మూగబోయించే ఆర్‌ఎన్‌ఏ: సుగ్గికి పోయే మనిషి దాకా వస్తుందా?

జన్యువు ఇచ్చే ఆదేశాలను కణంలో మోసే ఆర్‌ఎన్‌ఏతో హెచ్‌ఐవీని అణచేయొచ్చన్న వార్త అప్పుడప్పుడూ వస్తుంటుంది. చదివినవాళ్లకు ముందు తట్టే ప్రశ్న, ‘ఇక మాత్రలు ఆపేయొచ్చా?’ అని. ఆపకూడదు. ఆపితే చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లోనే వైరస్ రక్తంలో మళ్లీ కనిపిస్తుంది. హెచ్‌ఐవీకి రోజూ వేసుకునే ఈ ఏఆర్‌టీ మాత్రలు వైరస్‌ను కొత్త కణాలకు పాకనివ్వవు. సీడీ4 అనే రోగనిరోధక కణాల డీఎన్‌ఏలో ఇప్పటికే కలిసిపోయిన దాని జన్యువును మాత్రం ఏమీ చేయలేవు.

ఆ జన్యువు నోరు మూయించడమే ఆర్‌ఎన్‌ఏ పద్ధతి ఉద్దేశం. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ ఎక్కిస్తే దానికి సరిపోలే జన్యువు పనిచేయడం మానేస్తుందని 1998లో అమెరికా శాస్త్రవేత్తలు ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో ఒక చిన్న పురుగులో చూపించారు. 2006లో నోబెల్ వచ్చింది. ఈలోపే, 2002లో, ల్యాబ్ కణాల్లో హెచ్‌ఐవీ మీద దీన్ని ప్రయోగించారు. సుమారు 21 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్క వైరస్ పంపే సందేశాన్ని గుర్తుపట్టి తెగ్గొట్టిస్తుంది. చిక్కేమిటంటే, గురిపెట్టిన చోట వైరస్ ఒక్క అక్షరం మార్చుకున్నా తప్పించుకోగలదు. అందుకే కాలిఫోర్నియాలో జాన్ రోసీ బృందం మూడు రకాల ఆర్‌ఎన్‌ఏ ఆయుధాలను కలిపి మూలకణాల్లో (రక్తకణాలు పుట్టే కణాల్లో) పెట్టి, నలుగురు రోగులకు ఎక్కించింది. 2010లో ఫలితాలు వచ్చాయి. హాని జరగలేదు గానీ, మార్చిన కణాలు రక్తంలో బహు కొద్దిగానే నిలిచాయి.

నాకు ఇంతకన్నా ఆశ పుట్టించేది సిడ్నీలో ఆంథోనీ కెల్లెహర్ బృందం పట్టిన దారి. వాళ్ల ఆర్‌ఎన్‌ఏ సందేశం జోలికి పోదు, వైరస్ జన్యువును మొదలుపెట్టే స్విచ్ మీదికే పోతుంది. అక్కడ డీఎన్‌ఏ బిగుసుకుపోయి జన్యువు నిద్రలోనే ఉండిపోతుంది. ల్యాబ్ కణాల్లో, మనిషి కణాలు పెట్టిన ఎలుకల్లో ఇది పనిచేసింది.

మరి ఆ ముక్కను మోసుకెళ్లేదెవరు? ఈ తరహా మొదటి మందుకు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. కొలెస్ట్రాల్‌కూ ఒకటుంది. రెండూ పనిచేసేది కాలేయంలో. అక్కడికి మందు చేర్చడం తేలిక. శోషరస గ్రంథుల్లో, పేగుల్లో చెదిరి ఉన్న సీడీ4 కణాలు అలా లోపలికి రానివ్వవు. 2025లో మెల్‌బోర్న్ పరిశోధకులు ల్యాబ్‌లో కొవ్వు నానోకణాలతో (అతి చిన్న కొవ్వు ఉండలతో), వైరస్ నిద్రపోతున్న కణాల్లోకి ఆర్‌ఎన్‌ఏను పంపగలిగారు. అయితే వాళ్లు పంపింది వైరస్‌ను లేపడానికి, నిద్రపుచ్చడానికి కాదు! ఏదైతేనేం, బండి దొరికితే సరుకు మార్చుకోవచ్చు.

డబ్బు ఈ బండి మీద పెట్టాలన్నది నా వాదన. మూలకణాలు తీసి, కీమో ఇచ్చి, వారాల తరబడి ఆసుపత్రిలో ఉంచే వైద్యం కర్నూలు పెద్దాసుపత్రికో, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రికో వచ్చే పేదలకు అందేది కాదు. ఇంజెక్షన్ అయితే అందుతుంది. అసలు లాభమూ వాళ్లకే. కోసిగి, మంత్రాలయం నుంచి గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కూలికి వలస, పోయేవాళ్లు నెలల తరబడి గుడారాల్లో పదిమంది మధ్య బతుకుతారు. అక్కడ మాత్రల డబ్బా ఎవరి కంటా పడకుండా దాచుకోవడమే పెద్ద టెన్షన్. 2004 నుంచి మందులు ఉచితమే, వివక్షను నిషేధిస్తూ 2017లో చట్టమూ వచ్చింది. గుడారంలో ఆ చట్టం ఎవరికి గుర్తుంటుంది?

ఆ ఇంజెక్షన్ వచ్చేదాకా, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) అదుపులో ఉన్నవాళ్లకు సుగ్గికి బయలుదేరే ముందే కొన్ని నెలల మాత్రలు ఒకేసారి చేతికివ్వాలి. దానికి ఏ పరిశోధనా అక్కర్లేదు.