మాత్ర వేళకు ఎవరిస్తారు?

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో వీడియో కాల్‌లో పచ్చిక, గుడి, ఏసీ గది చూసి హైదరాబాద్ శివార్లలోని సీనియర్ హోమ్‌కు అడ్వాన్సు కట్టేయడం ఇప్పుడు మామూలైంది. మోకాళ్ల నొప్పులు, బీపీ ఉన్న పెద్దలకైతే చెల్లుతుందేమో. ఒళ్లు వణికి, బిగుసుకుపోయి, కదలికలు మందగించే నరాల జబ్బు పార్కిన్సన్స్ ఉన్నవారికి చెల్లదు.

ఈ జబ్బుకు ప్రధానమైన మందు లెవోడోపా. దాని పని కొద్ది గంటలే. జబ్బు ముదిరేకొద్దీ ఆ కాసేపూ తగ్గిపోతుంది. ఎనిమిదింటి మాత్ర తొమ్మిదిన్నరకు అందితే, నిన్న ఆ వేళకు వరండాలో నడిచిన మనిషి ఇవాళ మంచం మీద పక్కకు తిరగలేడు, చొక్కా గుండీ పెట్టుకోలేడు. బ్రిటన్‌లో పార్కిన్సన్స్ యూకే సంస్థ ఈ మందు అరగంటకు మించి ఆలస్యం కారాదని ఏళ్లుగా పోరుతున్నది ఇందుకే. పైగా పప్పు, పెరుగు, గుడ్డులోని మాంసకృత్తులు కొందరిలో మందును ఒంటికి పట్టనివ్వవు. అందరి మాత్రలూ టిఫిన్‌తో కలిపి పంచే చోట వీరికి నష్టమే.

కాబట్టి అడగాల్సింది పచ్చిక గురించి కాదు. తెల్లవారుజామున అయిదింటి మాత్ర ఎవరిస్తారు? రాత్రి డ్యూటీలో నర్సు ఉంటారా, వాచ్‌మనేనా? వాంతులైతే మెటోక్లోప్రమైడ్, లేని మనుషులు కనబడుతున్నారని కేకలేస్తే హాలోపెరిడాల్ ఇచ్చేస్తారా? ఆ రెండూ ఈ జబ్బు లక్షణాలను పెంచేవే. (దూలగొండి గింజల్లోనూ సహజంగా లెవోడోపా ఉంటుంది, ఆయుర్వేదమే కదా అని డాక్టరుకు చెప్పకుండా పొడి పెట్టే చోటునూ నమ్మలేం.)

గుమ్మం దగ్గర నిలబడి చూస్తే ఇంకొంత తెలుస్తుంది. పార్కిన్సన్స్ మనిషికి తరచూ అక్కడే కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. తెలియని ఆయా చేయి పట్టి లాగుతుంది, ఆయన ముందుకు పడతాడు. తెలిసిన ఆయా ఆగి, ‘ఒకటి, రెండు’ అని లెక్కపెడుతూ అడుగు వేయిస్తుంది. ఈ పని ఏ బ్రోషర్‌లోనూ కనిపించదు.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రమాలు నెలకొల్పవచ్చని రాష్ట్రాలకు చెప్పింది. నెలనెలా డబ్బు కట్టి ఉండే ప్రైవేటు ఆశ్రమాల ఊసు ఆ మాట చెప్పిన సెక్షన్‌లో లేదు. ఆ ప్రైవేటు ఆశ్రమాల్లో రాత్రి నర్సు తప్పనిసరి చేయాలని, ఏ మాత్ర ఎన్ని గంటలకు ఇచ్చారో రాసిన రిజిస్టరును కుటుంబం అడిగినప్పుడల్లా చూపాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ నిబంధన పెట్టాలి. అది వచ్చేలోగా అడ్వాన్సు కట్టే ముందు పిల్లలే ఆ రిజిస్టరు అడిగి చూడాలి. చూపించడానికి నసిగే చోట చేర్చవద్దు.