హుందాతనం ఐదుకి ఎంత?

ఇప్పుడే ఒక ప్రమోషన్ ఫారం కళ్ళబడింది, ఒళ్ళు మండిపోతోంది. టీమ్ లీడ్‌ని ఎంపిక చెయ్యడానికట. ఆత్మవిశ్వాసం, చొరవ, హుందాతనం, నిర్ణయశక్తి, ‘ఆకట్టుకునే వ్యక్తిత్వం’ అని గడులు, ఒక్కోదానికి ఐదేసి మార్కులు. ఆ మనిషి ఏ పని ఎలా చేశాడో రాయడానికి మాత్రం ఒక్క గడి లేదు!

నాయకులు పుట్టుకతోనే వస్తారన్న పాత నమ్మకానికి ఎక్సెల్ షీటు తొడిగారు, అంతే. బ్రిటిష్ రచయిత థామస్ కార్లైల్ 1840లో మహాపురుషుల మీద ఉపన్యాసాలిచ్చాడు. 1869లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ ప్రతిభ వంశపారంపర్యం అన్నాడు. మనిషిని నాయకుణ్ణి చేసేవి అతని గుణాలేననే ‘లక్షణ సిద్ధాంతం’ వేళ్ళు అక్కడే ఉన్నాయి. 1904 నుంచి 1947 దాకా వచ్చిన 124 అధ్యయనాలు ముందేసుకుని మనస్తత్వవేత్త రాల్ఫ్ స్టాగ్డిల్ 1948లోనే తేల్చేశాడు: ఫలానా లక్షణాలు ఉన్నంత మాత్రాన ఎవరూ నాయకులైపోరు, అవి అక్కడి మనుషులకీ అక్కడి పనికీ అతకాలి. అయినా హెచ్ఆర్ వాళ్ళ చేతుల్లో ఇంకా అదే జాబితా.

లక్షణాలు అసలు లెక్కలోకే రావనేవాళ్ళ మీద కూడా నాకు కోపమే. వస్తాయి. ఎంత వస్తాయన్నదే గొడవ. 2002లో పరిశోధకుడు తిమోతీ జడ్జ్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్ని కలిపి లెక్క కట్టింది. నాయకత్వంతో బహిర్ముఖతకి (నలుగురిలో గలగలా మాట్లాడే గుణానికి) సహసంబంధం 0.31, పనిలో క్రమశిక్షణకి 0.28. సహసంబంధం అంటే రెండూ ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె: సున్నా అయితే సంబంధం లేనట్టు, ఒకటి అయితే పూర్తిగా ఉన్నట్టు. మనుషుల నాయకత్వంలోని తేడాల్లో ఆ గుణం వాటా ఎంతో తెలియాలంటే 0.31ని వర్గం చేసి (దాంతోనే గుణించి) చూడండి, పదో వంతు కూడా రాదు. మనస్తత్వశాస్త్రం చెప్పే ఐదు ప్రధాన వ్యక్తిత్వ లక్షణాలూ (ఫారంలోని ఐదు గడులు కావు) కలిపితే 0.48, దాని వర్గం నాలుగో వంతు లోపే. మిగతా అంతా ఎక్కడుంది? పని తెలియడంలో, టీమ్‌లో, చేతికిచ్చిన అధికారంలో, పరిస్థితిలో. ఫారంలో వీటిలో ఒక్కదానికైనా చోటుందా?

ఆ లెక్కల్లోనే ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. నాయకుడిలా కనబడటం వేరు, టీమ్‌ని సరిగ్గా నడపడం వేరు. బహిర్ముఖతకి మొదటిదానితో 0.33, రెండోదానితో 0.24. అంటే గలగలా మాట్లాడే గుణం కుర్చీ ఎక్కించడానికి పనికొచ్చినంతగా కుర్చీలో కూర్చున్నాక పనికిరాదు. ఈ ఫారం కొలిచేది మొదటిదాన్ని. ప్రమోషన్ ఇచ్చేది రెండోదాని కోసం.

పైగా ఆ ఐదు గడులూ నిజానికి ఐదు కావు. 1920లో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ సైన్యంలో అధికారులకి పైవాళ్ళు వేసిన మార్కులు పరిశీలించాడు. శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, వ్యక్తిత్వం దేనికది విడిగా అడిగినా మార్కులన్నీ ఒకదాన్ని పట్టుకుని ఒకటి నడిచాయి. దాన్నే హేలో ఎఫెక్ట్ అన్నాడు. మనిషి నచ్చితే ఐదింటికీ నాలుగులు, నచ్చకపోతే ఐదింటికీ రెండులు. కూడితే వచ్చేది ఒకే అభిప్రాయం, ఐదుసార్లు.

గ్రూప్ డిస్కషన్ సంగతి అయితే ఇక చెప్పక్కర్లేదు. ఎవడు ఎక్కువసేపు మాట్లాడితే వాడే లీడరు! గడువుకి వారం ముందే ‘ఈ పని అందదు, ఈ రెండు భాగాలు తర్వాత ఇద్దాం’ అని క్లయింట్‌కి మెయిల్ పెట్టి, టీమ్‌ని రాత్రుళ్ళు కూర్చోబెట్టకుండా కాపాడిన మనిషి అక్కడ నోరు తెరిచేలోపే టైమ్ అయిపోతుంది. ఆ మెయిల్‌కి మార్కులు లేవు.

చెయ్యాల్సింది ఏమంత కష్టమని? ముందు ఆ కుర్చీలో పని ఏమిటో రాయండి, ఐదారు ముఖ్యమైన బాధ్యతలు చాలు. ఒక్కోదానికి ఒక ప్రశ్న: ‘టీమ్‌లో ఇద్దరికి పడనప్పుడు ఏం చేశారు, తర్వాత ఏమైంది?’ అందరికీ అవే ప్రశ్నలు, అదే వరస. ఒకటి మార్కు జవాబు ఎలా ఉంటుంది, మూడు ఎలా, ఐదు ఎలా అన్నది ఇంటర్వ్యూకి ముందే రాసిపెట్టుకోవాలి. అది లేకపోతే ప్యానెల్లో ప్రతివాళ్ళూ మూడు దగ్గరో నాలుగు దగ్గరో ఆగిపోతారు. ప్యానెల్లో కనీసం ఇద్దరు ముగ్గురు ఉండాలి, ఎవరి మార్కులు వాళ్ళు వేసి ఇచ్చేశాకే చర్చ. ఇక్కడే అందరూ తప్పుతారు. పెద్దాయన ముందు ‘కుర్రాడు బాగున్నాడు’ అంటాడు, మిగతా పెన్నులన్నీ అటే తిరుగుతాయి. 2022లో పరిశోధకుడు పాల్ సాకెట్ బృందం వేసిన అంచనాలో ఇలా పద్ధతిగా చేసిన ఇంటర్వ్యూకి ఉద్యోగంలో పనితీరుతో సంబంధం 0.42, నోటికొచ్చిన ప్రశ్నలడిగేదానికి 0.19. సగం కన్నా తక్కువ!

అన్నిటికన్నా కడుపు మండేది తిరస్కరించాక చెప్పే ఆ ఒక్క మాట: ‘మీలో లీడర్‌షిప్ ప్రెజెన్స్ లేదు.’ అది విని ఏం చెయ్యాలి? గొంతు మార్చుకోవాలా, ఎత్తు పెరగాలా? ఈ మాట ఎక్కువగా ఎవరికి తగులుతుందో అందరికీ తెలుసు: మెల్లగా మాట్లాడేవాళ్ళకి, ఆడవాళ్ళకి. గట్టిగా మాట్లాడిన ఆడమనిషికేమో అదే ఫారంలో ‘దూకుడు ఎక్కువ’ అని రాస్తారు. ఏ మీటింగులో, ఏ నిర్ణయం దగ్గర, ఏం చెయ్యాల్సింది చెయ్యలేదో రాసివ్వమని అడగండి. రాయలేకపోతే ఆ మార్కు కొట్టేయమనండి.