సవరణ: చిటపటకు కారణం ఉప్పుగాలి కాదు

కంప్యూటర్‌లో పాట పెడితే చిటపట వస్తోందని, మా ఇల్లు పెదజాలరిపేటలో సముద్రం పక్కనే కాబట్టి ఉప్పుగాలికి సౌండ్ కార్డు జాక్ తుప్పు పట్టి ఉంటుందని మొన్న రాశాను. తప్పు రాశాను. జాక్ తుడిచినా, కార్డును వేరే స్లాట్‌లో పెట్టినా తేడా లేదు.

నిన్న రాత్రి చూస్తే, పెద్ద ఫైలు డౌన్‌లోడ్ అవుతున్నప్పుడే నూనెలో ఆవాలు వేసినట్టు ఆ చప్పుడు. వైఫై ఆపగానే పాట శుభ్రంగా వచ్చింది. ప్రాసెసర్‌ని ఏది ఎంతసేపు పట్టి ఉంచుతోందో చూపే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ నడిపితే దొంగ దొరికాడు: వైఫై డ్రైవర్ (వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్) ప్రాసెసర్‌ని వదలకుండా పట్టుకుంటోంది, ఈలోగా సౌండ్ బఫర్ (పాట ముక్కలు ముందుగా పోగయ్యే చోటు) ఖాళీ అయిపోతోంది. కొత్త డ్రైవర్ వేశాక చిటపట పోయింది.

నా మాట నమ్మి కొత్త కార్డు కొన్నవాళ్లుంటే క్షమించాలి. జాక్ కదిపితేనే గరగరమంటే మాత్రం ముందు దాన్నే చూడండి.