ఆయమ్మకూ అదే మాస్కు

2020 డిసెంబరు 17 నుంచి 2021 జనవరి 8 వరకు దేశంలోని 70 జిల్లాల్లో భారత వైద్య పరిశోధన మండలి, రక్తపరీక్షతో కరోనా ఎందరికి సోకిందో అంచనా వేసే సీరో సర్వేను మూడోసారి జరిపింది. తెలంగాణ నుంచి జనగామ, కామారెడ్డి, నల్గొండ, ఆంధ్రప్రదేశ్ నుంచి విజయనగరం, కృష్ణా, నెల్లూరు అందులో ఉన్నాయి. రక్తం ఇచ్చిన 7,171 మంది ఆరోగ్య సిబ్బందిలో 25.7 శాతం మందికి కరోనా యాంటీబాడీలు, అంటే వైరస్ సోకాక గానీ టీకా వేశాక గానీ రక్తంలో ఏర్పడే రక్షక ప్రోటీన్లు, ఉన్నట్లు తేలింది. విడివిడిగా చూస్తే డాక్టర్లు, నర్సుల్లో 26.6 శాతం, పారామెడికల్ సిబ్బందిలో 25.4, క్షేత్రస్థాయి సిబ్బందిలో 25.3. కుర్చీలో కూర్చుని ఫైళ్లు చూసే పాలనా సిబ్బందిలో సైతం 24.9 శాతం! రోగి మంచం దగ్గరికే వెళ్లనివారికీ, రోజంతా అక్కడే ఉండేవారికీ తేడా రెండు శాతం కూడా లేదు.

బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ ఆసుపత్రుల్లో 2020 ఏప్రిల్ చివర లక్షణాల్లేని 516 మంది ఉద్యోగులను పరీక్షించినప్పుడు తేలిన విషయం ఇంకా కలవరపెట్టేది. అక్కడ యాంటీబాడీలు అత్యధికంగా కనిపించింది పారిశుద్ధ్య సిబ్బందిలో, 34.5 శాతం. విషమ స్థితిలోని రోగుల మధ్య పనిచేసే ఐసీయూ సిబ్బందిలో 14.8 శాతమే. ఐసీయూలో మేలురకం మాస్కులు, పూర్తి రక్షణ దుస్తులు వాడటం ఇందుకు ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. అదే నిజమైతే, తగిన రక్షణ ఉన్నచోట పెద్ద ముప్పు కూడా తగ్గింది. అది అందనివారు చిన్న ముప్పుకే దొరికిపోయారు.

మన ఆసుపత్రుల్లో వార్డు ఊడ్చే ఆయమ్మ, స్ట్రెచర్ తోసే వార్డు బాయ్, గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు చాలాచోట్ల ఏజెన్సీ మనుషులే. జబ్బుపడి నాలుగు రోజులు రాకపోతే జీతం కోసేసే కొలువు అది. అలాంటి మనిషి ఒళ్లు వెచ్చబడినా పనికి రాక ఏం చేస్తుంది? 2020 మార్చిలో కేంద్రం ప్రకటించిన రూ.50 లక్షల బీమా కొవిడ్ విధుల్లోని పొరుగు సేవల సిబ్బందికీ వర్తించింది. మంచిదే, కానీ అది ప్రాణం పోతేనే అందేది. ప్రాణం దక్కి, జీతం పోయినవారికి అందులో దారి లేదు.

మన దేశంలో ఆ మూడో సీరో సర్వే ముగిసిన ఎనిమిది రోజులకే, 2021 జనవరి 16న, ఆరోగ్య సిబ్బందికి టీకాలు మొదలయ్యాయి. 2021 జూన్, జులైలో నాలుగో సర్వే నాటికి వారిలో 85.2 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నాయి. అందులో టీకా వాటా ఎంతో, ఆసుపత్రిలో అంటినది ఎంతో విడదీయడం కష్టం. సిబ్బందికి ఎంత సోకిందో టీకా ప్రమేయం లేకుండా చూపిన చివరి లెక్క మూడో సర్వేదే. దాన్ని దస్త్రాల్లో వదిలేయడం తగదు.

మరో మహమ్మారి వచ్చేదాకా ఆగకుండా రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ఇప్పుడే చేయగల పనులున్నాయి. ఎన్95 మాస్కులను హోదాను బట్టి కాక, పనిచేసే వార్డును బట్టి పంచాలి. అంటువ్యాధి సోకిన ప్రతి ఉద్యోగికీ, ఏజెన్సీ మనిషైనా సరే, జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని కాంట్రాక్టు ఒప్పందంలోనే రాయాలి. ఆ షరతు లేని ఏజెన్సీకి టెండరు దక్కకూడదు.