ఒక్క గంట గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒక్క గంట గారికి,

కందుకూరు నుంచి ఒక కొత్త ఉద్యోగి నమస్కరించి రాయునది. ఉద్యోగి అన్న మాట నాది కాదు, తమరి దయే. మొన్న శనివారం గవర్నమెంటు కార్మిక సర్వే అబ్బాయి వచ్చేదాకా నాకే తెలియదు.

బీటెక్ అయి మూడేళ్ళయిందని చెప్పాను. బుధవారం నెల్లూరులో జాబ్ మేళాకి పోయి నాలుగు గంటలు లైన్లో నిలబడి, సెక్యూరిటీ గార్డు పోస్టుకి "ఎత్తు చాల్లేదు, అయినా ఫోన్ చేస్తాంలే" అనిపించుకుని వచ్చానని కూడా చెప్పాను. ఆయన అదంతా విని, "గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంటయినా ఏదైనా పని చేశారా?" అన్నాడు.

మనకి అబద్ధం నోటికి రాదు (ఇంటర్వ్యూల్లోనూ ఇదే తంటా). మంగళవారం అమ్మకి మోకాళ్ళు పట్టేస్తే టిఫిన్ బండి దగ్గర నిలబడి చట్నీ వేశానన్నాను. జీతం? మిగిలిపోయిన రెండు కారం దోసెలు. ట్యాబ్ మీద వేలు పడింది. "అయితే వారం లెక్కలో మీరు నిరుద్యోగి కాదండీ."

గంటె పట్టుకున్న పాపానికి గంట తగులుకుంది. నాలుగు గంటలు వెతికినా దొరకని ఉద్యోగం, గంటసేపు చట్నీ వేస్తే వచ్చేసింది! వారానికి 168 గంటలు కదండీ, మిగతా 167 గంటల సంగతి ఎవరినడగాలి?

తమరి జాతకం తిరగేశాను. 1982లో జెనీవాలో లెక్కల పెద్దలు కూర్చుని తమరికి ముహూర్తం పెట్టారట. 2017లో మొదలైన మన కార్మిక సర్వేలోనూ వారం లెక్కకి తమరే కొలత: వారంలో ఒక్క గంట పని చేస్తే చాలు, ఉద్యోగి కిందే లెక్క. ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా చెయ్యేసినా పనివాడి కిందే జమ. 2025 ఏప్రిల్ నుంచి ఈ లెక్క నెలనెలా వస్తోంది. ఆ మొదటి నెలలో పని చేసేవాళ్ళూ వెతికేవాళ్ళూ కలిపి నూటికి 5.1 మందే నిరుద్యోగులట. మిగతా వాళ్ళలో చట్నీ బ్యాచ్ ఎంతమందో!

2022లో మా కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు. అలా మా ఊరికి బదిలీ అయితే దొరికింది. పక్కనున్న చీమకుర్తి గ్రానైట్ రాయి ఓడెక్కి విదేశాలకు పోతుంది, మేం బస్సెక్కి అమీర్‌పేట కోచింగ్‌కి పోతాం. సరే, అది వదిలెయ్యండి.

మా బాబాయి పొగాకు బ్యారన్ (ఆకు ఆరబెట్టే కొట్టం) దగ్గర నలుగురి పనికి తొమ్మిది మందిమి చేరతాం. వేరే పని లేక. అందరం ఉద్యోగులమేగా?

ఇంక మీరూ గీరూ నా వల్ల కాదు. ఏమే గంటా, ఎడ్యుకేషన్ లోను బ్యాంకు వాడు ఫోన్ చేస్తే నిన్ను చూపించనా? సంబంధం వాళ్ళు "అబ్బాయి ఏం చేస్తాడు" అంటే మంగళవారం చట్నీ వేస్తాడని చెప్పించనా? జాబ్ లేదనే బాధ ఎప్పట్నుంచో ఉంది. లేదని చెప్పుకునే హక్కు కూడా లాగేసుకున్నావు చూడు, అదీ నా మంట.

అమ్మకి చెప్పాను. కాసేపు ఆలోచించి, "గవర్నమెంటోళ్ళే ఉద్యోగమన్నారా? అయితే రేపు నాలుగింటికే లెయ్యి, పల్లీలు వేయించాలి" అంది.

ఇట్లు,
వారం లెక్కలో ఉద్యోగి