రెండు పట్టీలు ఎక్కువేస్తే టన్ను ఎక్కువ మోస్తుందా?

మామిడికాయల సీజన్ వచ్చిందంటే మన చిత్తూరు వైపు ఫోన్లలో ఒక మెసేజీ తిరగడం మొదలవుతుంది. "పికప్ వెనక కూర్చుంటోందా? కమాన్ కట్టలో రెండు పట్టీలు ఎక్కువేయించండి, టన్ను ఎక్కువ వేసుకోండి. షాక్ అబ్జార్బర్లు మార్చే పనిలేదు. కాస్త ఎత్తు లేపిస్తే గుట్టల్లో కూడా కింద ఎక్కడా తగలదు. కంపెనీవాళ్ళు కావాలనే తక్కువ పట్టీలు వేస్తారు." దామలచెరువు, బంగారుపాళ్యం మండీలకు కాయలు తోలేవాళ్ళే కాదు, టెంట్లూ నీళ్ళ డ్రమ్ములూ ఎక్కించుకుని తలకోన వైపు ఫోర్ బై ఫోర్లలో పోయే కుర్రాళ్ళూ ఇదే ఫార్వర్డ్ చేస్తున్నారు. కమాన్ కట్ట అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన వంపు ఇనుప పట్టీల స్ప్రింగు. ఆ మెసేజీలో నిజం ఒక్కటే, పట్టీ వేస్తే బండి వెనక లేస్తుంది.

టన్ను సంగతి ముందు. కమాన్ కట్ట చేసేది బరువును యాక్సిల్ మీదికి, అంటే చక్రాల ఇరుసు మీదికి చేరవేయడం, అంతే. ఆ తర్వాత దాన్ని భరించాల్సింది యాక్సిల్ హౌసింగు (దాని ఇనుప గొట్టం), వీల్ బేరింగులు, టైర్లు, ఛాసిస్, బ్రేకులు. మీరు పట్టీలు వేయించారని వీటిలో ఏదీ బలపడలేదు కదా. టైరు పక్కన సైజు తర్వాత ఉండే అంకె చూడండి, 104 అయితే ఆ టైరు మోసేది 900 కిలోలు, 108 అయితే 1000, అది కూడా గాలి సరిపడా ఉన్నప్పుడే. ఆర్సీలో రాసిన మొత్తం బరువులో బండి, డ్రైవరు, డీజిల్, సరుకు అన్నీ కలిసే ఉంటాయి. దాన్ని సరుకు బరువు అనుకునేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు.

బ్రేకుల గురించి ఆ మెసేజీలో ఒక్క ముక్క లేదు, నాకు అసలు భయం అక్కడే. చాలా పికప్‌లలో వెనక ఛాసిస్‌కు ఒక వాల్వు, దాన్నుంచి యాక్సిల్‌కు ఒక సన్న రాడ్డు ఉంటాయి. మెకానిక్‌లు ఎల్‌ఎస్‌పీవీ అంటారు. బండి కింద దూరి చూడండి, బురద పట్టి ఉంటుంది గానీ కనబడుతుంది. లోడు పడి బాడీ దిగితే ఆ రాడ్డు కదిలి వాల్వు వెనక బ్రేకులకు ప్రెషర్ ఎక్కువ వదులుతుంది. బండి ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది, లేకపోతే వెనక చక్రాలు పట్టేసి బండి జారుతుంది. ఇప్పుడు మీరు రెండు పట్టీలు బిగించారు, నిండా లోడు వేసినా బాడీ పెద్దగా దిగదు, వాల్వు లెక్కలో బండి ఇంకా ఖాళీయే. వెనక బ్రేకులు అరకొరగా పడతాయి, భారమంతా ముందు చక్రాల మీద. పలమనేరు నుంచి కాయలతో మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఇది ఎంత ప్రమాదమో ఊహించుకోండి. భాకరాపేట ఘాట్ కూడా అంతే. కాబట్టి కట్టల్లో ఏం మార్చినా సరే, ఆ రాడ్డు మళ్ళీ సెట్ చేశారా అని మెకానిక్‌ను అడగండి. "అదేం అక్కర్లేదన్నా" అన్నాడంటే ఇంకో గ్యారేజీ చూసుకోండి.

షాక్ అబ్జార్బర్లు మార్చక్కర్లేదట. బరువు మోసేది స్ప్రింగు, షాక్ పని దాని ఊగుడును ఆపడం. ఐదు పట్టీల కట్టకు అంతే మందం ఉన్న ఆరోది కలిపితే గట్టిదనం సుమారు ఐదో వంతు పెరుగుతుంది, ఆ తన్నుడును పాత షాక్ ఆపలేదు. లోడు దించేసి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు తోట దారి గతుకుల్లో వెనక ఎగిరెగిరి పడుతుందే, అదే ఇది. చక్రం నేలను వదిలేస్తే గ్రిప్పు ఎక్కడిది?

ఎత్తు లేపడానికి యాక్సిల్‌కూ కట్టకూ మధ్య ఇనుప దిమ్మ పెడతారు. దానివల్ల ఒక్క కిలో కూడా ఎక్కువ మోయదు. పైగా రాయికి ముందు తగిలేది వెనక డిఫరెన్షియల్ (చక్రాల మధ్య ఉండే గేర్ల గుండు), అది యాక్సిల్‌లోనే ఉంటుంది కాబట్టి దిమ్మ పెట్టినా అంగుళం లేవదు. అది లేవాలంటే టైరు పెద్దది కావాలి. లేచేది బాడీ, దాంతోపాటు సరుకు. పక్క వాలులో బండి తిరగబడటానికి అది చాలు, ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి దాని కీళ్ళలో ఉండే క్రాస్ బేరింగులు అరిగిపోవడం అదనం.

కంపెనీ తక్కువ వేస్తుందనే మాటకు జవాబు కట్టలోనే ఉంది. చాలా బళ్ళలో అడుగున మందమైన పట్టీ ఒకటి విడిగా ఉంటుంది, లోడు పడ్డాకే అది పనిలోకి దిగుతుంది. ఖాళీకీ లోడుకీ రెండింటికీ చూసుకునే అలా చేశారు.

మరి బండి నిజంగానే కూర్చుంటుంటే? కాటాకు తీసుకెళ్ళండి. మామూలుగా వేసే లోడుతోనే మొత్తం ఒకసారి, వెనక చక్రాలు మాత్రం ఎక్కించి ఇంకోసారి తూకం వేయించండి. ఆర్సీ లెక్క లోపలే ఉండి కూడా కూర్చుంటోందంటే కట్టలు అలిసిపోయినట్టు, కొత్తవి వేయించండి. టెంటూ డ్రమ్ములూ లాంటి బరువు ఎప్పుడూ బండిలోనే ఉంటే దానికి తగ్గ స్ప్రింగు, ఆ స్ప్రింగుకు తగ్గ షాక్ కలిపి తీసుకోండి. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు పాతవి మళ్ళీ వాడొద్దు, కొత్తవి వేశాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించాలి.

లెక్క దాటితే రెండో ట్రిప్పు వేయాల్సిందే. డీజిల్ దండగ అంటారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. ఎక్కువైన సరుకు దించేదాకా బండి కదలనివ్వరు, ఆ దించిన కాయలకు ఇంకో బండి మీరే మాట్లాడుకోవాలి.